కురుపాం కొండలు రాయించిన చట్టాలు

565 ఓట్లు. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం నియోజకవర్గంలో వి.వి. గిరి ఓడిపోయింది అంత తేడాతోనే. ఆయనకు పడినవి 1,24,039. ఆయనకు కాస్త ముందు నిలిచిన డిప్పల సూరిదొరకు 1,24,604. గిరి అప్పటికే దేశానికి తెలిసిన కార్మిక నాయకుడు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల వేతనాల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో రాజీనామా చేసి బయటికొచ్చిన మనిషి. 1952లో పక్కనే ఉన్న పాతపట్నం నుంచి గెలిచినవాడు. మరో పన్నెండేళ్లకు రాష్ట్రపతి కాబోతున్నవాడు. అలాంటి మనిషిని ఓడించింది ఒక మూకదొర గిరిజనుడు.

కురుపాం చుట్టూ ఉన్న కొండలు అప్పట్లో ఆ నియోజకవర్గంలోనివే. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఈ ఊరు ఎప్పుడూ ఒక్క జిల్లాలో కుదురుగా ఉన్నది కాదు. మొదట విశాఖపట్నం, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి మన్యం. పటం మీద గీతలు జరిగినప్పుడల్లా ఈ ప్రాంతపు చరిత్ర కూడా ముక్కలై వేర్వేరు జిల్లాల పుస్తకాల్లో పడిపోయింది. శ్రీకాకుళ గిరిజన పోరాటం అనగానే బొడ్డపాడు గుర్తొచ్చినంత తొందరగా ఇక్కడి మొండెంఖల్లు గుర్తురాకపోవడానికి అదీ ఒక కారణమే. ఆ ముక్కల్ని ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దేశంలోని గిరిజనులందరికీ వర్తించే తీర్పులూ చట్టాలూ కొన్ని ఈ కొండల్లోంచి బయలుదేరాయి. ప్రతిదానికీ ఇక్కడివాళ్లు ముందుగానే మూల్యం చెల్లించారు. చట్టం మాత్రం ఆలస్యంగా వచ్చింది.

ఇద్దరు దొరలు, ఒక కేసు

1957 నాటి పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. రెండు స్థానాలు, ఓటరుకు రెండు ఓట్లు. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు, రెండోది అందరికీ. లెక్కింపు పద్ధతి ఇదీ: తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు స్థానం ఇస్తారు. ఆ తర్వాత మిగిలినవాళ్లందరిలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకు రెండోది. పార్వతీపురంలో మొదటి స్థానం 1,26,792 ఓట్లతో బిడ్డిక సత్యనారాయణ దొరకు దక్కింది. రెండోదీ తెగల మనిషికే వెళ్లింది. సూరిదొరకు.

గిరి కోర్టుకెక్కారు. రిజర్వుడు స్థానానికి నామినేషన్ వేసిన గిరిజనుడు జనరల్ స్థానంలో ఎలా గెలుస్తాడన్నది ఒక వాదన. రెండోది మరీ చిత్రమైనది. సూరిదొర అసలిప్పుడు గిరిజనుడే కాదట! ఆయన కుటుంబం దస్తావేజుల్లో తమను క్షత్రియులుగా రాసుకుంది, పెళ్లిళ్లూ ఆచారాలూ ఆ పద్ధతిలోకి మార్చుకుంది కాబట్టి ఆయన తెగను దాటిపోయాడని వాదించారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో మెజారిటీ తీర్పును జస్టిస్ గజేంద్రగడ్కర్ రాశారు. తెగల అభ్యర్థి రిజర్వుడు స్థానానికి పోటీపడినంత మాత్రాన జనరల్ స్థానంపై హక్కు పోదన్నారు. ఒక మనిషి తనంతట తాను ఫలానా కులమని చెప్పుకుంటే కులం మారిపోదనీ, ఆ కులం అతణ్ని తనవాడిగా ఒప్పుకోవాలనీ చెప్పారు. జస్టిస్ జె.ఎల్. కపూర్ విభేదించారు. సూరిదొర గెలుపు నిలిచింది.

ఈ తీర్పును న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. కులధ్రువీకరణ వివాదాల్లో వకీళ్లు ఇప్పటికీ ఉదాహరిస్తారు. మన బడి పుస్తకాల్లో మాత్రం సూరిదొర పేరు ఎక్కడా కనబడదు. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి రద్దు చేశారు. ఆ తర్వాత గిరిజనుడు గెలిచేందుకు మిగిలింది, నిజానికి, తనకని గీసి ఇచ్చిన గడి ఒక్కటే. రెండు స్థానాల్లోనూ కొండవాళ్లే గెలిచిన రోజు ఈ నేల మీద ఉండేదని చెప్పడానికి ఆ తీర్పు ఒక్కటే సాక్ష్యంగా ఉంది. నాకది చిన్న విషయంగా తోచదు.

కోట నీడలో

కురుపాం అనగానే ముందు కోట, వైరిచర్ల వంశపు జమీందారులు గుర్తొస్తారు. విశాఖ పాతనగరంలో కురుపాం మార్కెట్ అన్న పేరు, సముద్రతీరం వైపు కురుపాం రాణిగారి స్మృతిమండపం ఆ సంస్థానపు సిరికి మిగిలిన గుర్తులు. కొండల్లో పండిన చింతపండూ కందులూ అడవి సరుకూ కిందికి దిగి ఏమయ్యాయో ఆ రాళ్లూ కొంత చెబుతాయి.

మేరంగి, సంగంవలస, చెముడు, పాచిపెంట, కురుపాం... ఈ మన్నె సంస్థానాలన్నింటి మీదా కంపెనీ పాలన ఒకేలా నడవలేదు. పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు లేచాక 1832లో జార్జి రస్సెల్ అనే అధికారిని పంపారు. ఆయన సిఫార్సుల ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టారు. రక్షణకని చెప్పినా పెత్తనానికీ అదే దారి అయింది. 1900లో సాలూరు వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే ఆయన తాను పాండవుల్లో ఒకరి అవతారమని, వెదురు కర్రలు తుపాకులవుతాయని చెబితే వేలమంది నమ్మి కూడారు. ఇద్దరు కానిస్టేబుళ్లు చనిపోయారు. పోలీసు కాల్పుల్లో పదకొండు మంది కూలిపోయారు. వెదురు తుపాకీ అవుతుందని నమ్మేంత నిస్సహాయత ఎక్కణ్నుంచి వచ్చిందని జిల్లా గెజిటీరులో ఈ సంగతి రాసిన తెల్లదొర అడగలేదు.

అడగవలసిన ఆ ప్రశ్నకు జవాబు లాంటిది 1917లో వచ్చింది. ఏజెన్సీలో కొండజాతివాడి భూమి, అధికారి అనుమతి లేకుండా, బయటివాడి చేతికి వెళ్తే ఆ బదలాయింపు చెల్లదని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. చట్టం బాగుంది. కానీ చదువురాని మనిషి దగ్గర వేలిముద్ర తీసుకోవడం షావుకారుకు ఏపాటి పని! ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ అరువిచ్చి, సంతలో చింతపండు తీసుకుని, వడ్డీ కింద పల్లపు భూమి రాయించుకుని, చివరికి ఆ భూమిలోనే ఆ మనిషిని కంబారిగా, అంటే పాలేరుగా, పెట్టుకునే పద్ధతి ఈ కొండల్లో రెండు తరాలు నడిచింది. భూమి పోయినవాడు కొండెక్కి పోడు కొడితే అటవీశాఖవాళ్లు పట్టుకునేవాళ్లు. పల్లంలో అప్పు, మెట్టలో కేసు.

పంతుళ్లు

ఈ ప్రాంతంలో మార్పుకు పునాదివేసినవాళ్లలో ఎక్కువమంది బడిపంతుళ్లని గమనించారా? ఆ వరసలో మొదటివాడు గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన సవరల భాష నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. తెలుగు లిపిలో వాళ్లకు వాచకాలు రాశాడు. కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు తెచ్చుకున్నాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, మంచిదే. ఆ రోజు సభల్లో సవర మాటొక్కటి కూడా వినపడకపోవడం మాత్రం ఆయనకు మనం చేస్తున్న అన్యాయం.

ఆ తర్వాతి వరసలో పార్వతీపురం ఏజెన్సీకి వచ్చిన కమ్యూనిస్టు ఉపాధ్యాయులు. హయగ్రీవరావు, పల్లె రాములు, వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం. వీళ్లు చేసిన మొదటి పని పాఠం చెప్పడం, రెండోది లెక్క చూడడం. షావుకారు చీటీలో ఎంత అసలు, ఎంత వడ్డీ, ఇచ్చింది ఎంత, రాసింది ఎంత? గిరిజనుడు బడిపంతులుకు చీటీ చూపించి అడగడం మొదలుపెట్టిన రోజునే షావుకారు పలుకుబడి సగం పోయింది. 1950ల చివర్లో గిరిజన సంఘం నిలదొక్కుకుంది. కంబారుల జీతాలు పెంచమంది. అప్పుల కింద లాక్కున్న భూములు అడిగింది. పోడుకు అడ్డం రావద్దని అటవీశాఖకు చెప్పింది. అన్నిటికంటే ముందు వెట్టిని ఆపింది. పదేళ్లపాటు ఇదంతా సభలు, ఊరేగింపులు, అర్జీల దారిలోనే నడిచిందన్నది మరిచిపోకూడదు. శ్రీకాకుళం పేరు చెప్పగానే తుపాకులు గుర్తుచేసుకునేవాళ్లు అర్జీల ఈ పదేళ్లనూ దాటవేస్తారు.

వెంపటాపు సత్యనారాయణకు, అంటే సత్యం మాస్టారుకు, గిరిజనులు పెట్టుకున్న పేరు గప్ప గురువు. గిరిజన స్త్రీలను పెళ్లి చేసుకుని, వాళ్ల భాషలో మాట్లాడి, వాళ్ల తిండి తిని, వాళ్లలో ఒకడై బతికాడు.

రూల్సు లేని పదేళ్లు

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుదిపేది ఒక కాగితం ముచ్చట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1917 చట్టం స్థానంలో, 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు తెచ్చారు. వాటినే 1/59 అంటారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చేరితే చెల్లదు, అధికారి విచారించి తిరిగి ఇప్పించాలి. అంతా బాగానే ఉంది. అయితే విచారణ ఎలా జరపాలో, ఎవరు జరపాలో, దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో చెప్పే రూల్సు 1969 దాకా రాలేదు. పదేళ్లు! చట్టం పుట్టి, నడవడానికి కాళ్లు లేక, పదేళ్లు సచివాలయంలోనే కూర్చుంది. ఆ పదేళ్లలోనే ఇక్కడ గిరిజన సంఘం పెరిగింది, ఘర్షణలు పెరిగాయి, నెత్తురు పారింది.

1967 అక్టోబరు 31. కురుపాం మండలం మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. కొండల నుంచి జనం బారులు కట్టి దిగుతున్నారు. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు అక్కడికక్కడే చనిపోయారు. కేసు పెట్టారు. 1968లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆ తీర్పు తర్వాత సంఘంలో అర్జీల మీద నమ్మకం మిగల్లేదు. ఉత్తర బెంగాల్లో నక్సల్బరి లేచింది ఆ 1967లోనే. ఇక్కడి నాయకులు ఆ దారి పట్టారు. 1968 నవంబరు నుంచి షావుకార్ల ఇళ్ల మీద దాడులు, ధాన్యం పంపకం, దస్తావేజుల దహనం మొదలయ్యాయి. ఏమి తగలబెట్టారో చూడండి. ముందు నిప్పంటించింది తనఖా కాగితాలకు. 1969లో ప్రభుత్వం ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ మే 27న పంచాది కృష్ణమూర్తి, డిసెంబరులో జముకుల కథ చెప్పిన కవి సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల, 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో పోయారు. ఎదురుకాల్పులన్నది పోలీసుల మాట. ఉద్యమకారుల మాట అది కాదు. షావుకార్లలో, పోలీసుల్లో, గ్రామస్తుల్లో కూడా ప్రాణాలు పోయాయి. వ్యక్తులను చంపడమే మార్గమన్న పంథా ఆ ఉద్యమాన్ని జనానికి దూరం చేసిందని లోపలివాళ్లే తర్వాత రాసుకున్నారు. నా అభిప్రాయమూ అదే. కానీ రూల్సు రాయని పదేళ్ల బాధ్యతను ఆ పంథా మీదకు నెట్టేయడం కుదరదు.

ఎందుకంటే రూల్సు 1969లో వచ్చాయి. 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/59కు సవరణగా 1/70 అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని ముందుగా భావించాలి. కాదని నిరూపించుకోవలసిన బరువు అతనిదే. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. దేశంలోని గిరిజన భూరక్షణ చట్టాల్లో ఇంత పదునైనది అరుదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997 నాటి సమత తీర్పు దీని మీదే నిలబడింది. ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందికే వస్తుంది కాబట్టి షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న తీర్పు అది. గిరిజనుల అప్పుల మాఫీకీ 1970లోనే నిబంధనలొచ్చాయి. నాలుగో ప్రణాళికలో దేశం మొత్తం మీద ఎంచుకున్న ఆరు గిరిజనాభివృద్ధి సంస్థల్లో శ్రీకాకుళం ఒకటి. లేవిడికి ముందు ఎక్కడున్నాయి ఇవన్నీ?

కోటలోంచి వచ్చిన చట్టం

చరిత్ర ఆ తర్వాత తీసుకున్న మలుపును కథలో రాస్తే నమ్మరు. కురుపాం రాజకుటుంబపు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ 1977లో పార్వతీపురం ఎస్టీ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లారు. మొత్తం ఐదుసార్లు లోక్‌సభ, ఒకసారి రాజ్యసభ. 2005 చివర్లో అటవీహక్కుల బిల్లు పార్లమెంటు ముందుకొచ్చి, అడవి నాశనమవుతుందన్న వాదన ఒకవైపు, తరతరాల అన్యాయమన్న వాదన ఇంకోవైపు బలంగా తగులుకున్నప్పుడు దాన్ని సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. ఆ సంఘానికి అధ్యక్షుడు ఆయనే.

మొదటి బిల్లు ప్రకారం 1980 అక్టోబరు 25కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపించాలి. కొండమీద పోడు చేసుకునే మనిషి పాతికేళ్ల నాటి రుజువు ఎక్కణ్నుంచి తెస్తాడు? 2006 మేలో ఇచ్చిన నివేదికలో సంఘం ఆ తేదీని 2005 డిసెంబరు 13కు జరపాలంది. హక్కుల నిర్ణయంలో గ్రామసభకు పెద్ద పాత్ర ఇవ్వాలంది. తెగల్లో లేకపోయినా మూడు తరాలుగా అడవిమీద బతికేవాళ్లనూ చేర్చాలంది. సంఘం అడిగినవన్నీ చట్టంలోకి ఎక్కలేదు గానీ, తేదీ మారింది. 2006 డిసెంబరులో చట్టమైంది. గిరిజనుడి పోడు నేరం కాదు, హక్కు అని భారత పార్లమెంటు చెప్పడానికి, ఆ పోడు కోసమే సభకు బయలుదేరి కోరన్న, మంగన్న పడిపోయిన తర్వాత, 39 ఏళ్లు పట్టింది.

2011 నుంచి 2014 దాకా ఆయన కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి. 2012లో విశాఖ మన్యంలో బాక్సైటు తవ్వకాల ఒప్పందాలను రద్దు చేయాలని, ఐదో షెడ్యూలు అధికారాలను గుర్తుచేస్తూ, రాష్ట్ర గవర్నరుకు రాశారు. సొంత పార్టీ ప్రభుత్వమే రాష్ట్రంలో ఉన్నప్పుడు రాసిన ఉత్తరమది. కురుపాం కొండలు దాటితే ఒడిశాలో రాయగడ, అక్కడ నియమగిరి. బాక్సైటు తవ్వకం మీద గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెబితే పన్నెండు గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. అటవీహక్కుల చట్టం లేకపోతే ఆ గ్రామసభలు ఏ బలంతో కూర్చునేవి?

ఒక జమీందారు వంశీకుడిని పొగడడం ఇక్కడ నా పని కాదు. ఆ కోట కింద కంబారులుగా బతికినవాళ్ల కథ ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు. కానీ ఆ పార్లమెంటరీ సంఘం నివేదిక నిజంగా ఈ కొండల అనుభవాన్ని మోసిందని ఒప్పుకోవాలి. 2019లో ఆయన కాంగ్రెసును వదిలి తెలుగుదేశం తరఫున అరకులో పోటీచేస్తే కూతురు శ్రుతీదేవి కాంగ్రెసు తరఫున ఎదురు నిలిచారు. గెలిచింది వైసీపీ అభ్యర్థి గొడ్డేటి మాధవి. పాత నాగూరు నియోజకవర్గం పోయి 2009లో పుట్టిన కురుపాం అసెంబ్లీ స్థానంలోనూ గత మూడు ఎన్నికల్లో గెలిచింది మహిళలే. 2014, 2019లలో పాముల పుష్పశ్రీవాణి, 2024లో తోయక జగదీశ్వరి.

జాబితాలో లేని ఊళ్లు

ఇప్పుడు ఈ కొండల్లో చదువుకున్న తరం వచ్చింది. ఒకప్పుడు బయటి పంతుళ్లు వచ్చి చెప్పిన బడుల్లో ఇప్పుడు గిరిజన ఉపాధ్యాయులు చెబుతున్నారు. వాళ్లలో ఒకరైన మల్లిపురం జగదీశ్ శిలకోల కథలతో ఈ ప్రాంతాన్ని లోపలినుంచి రాశారు. భూషణం, అట్టాడ అప్పల్నాయుడు వంటి కథకులు ప్రేమతో, నిజాయితీతో రాసిన కొండ కూడా అప్పటిదాకా కిందినుంచి చూసిన కొండే. కురుపాం మండలంలోని కొండబారిడి రసాయనాలు లేని సాగుతో రాష్ట్రానికి దారి చూపింది. వార్తల్లోకి ఎక్కడానికి ఈ కొండలకు ఇప్పుడు మందుపాతర అక్కర్లేదు.

కానీ ఒక అన్యాయం అలాగే ఉంది. 1/70 వర్తించేది షెడ్యూల్డు ప్రాంతంలోనే. ఆ జాబితాకు మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో పేరున్న ఊరికి రక్షణ ఉంది, పక్క ఊరికి లేదు. గెడ్డకు ఇవతల జాతాపు గిరిజనుడి భూమిని బయటివాడు కొంటే చెల్లదు, అవతల కొంటే చెల్లుతుంది. రెండు ఊళ్లలోనూ అవే ఇంటిపేర్లు, అదే కందికొత్తల పండగ, అదే షావుకారు. కురుపాం మండలంలోనే అన్ని గిరిజన గ్రామాలూ జాబితాలో లేవు. కొమరాడ, జియ్యమ్మవలస వైపూ ఇదే పరిస్థితి. అటవీహక్కుల చట్టానికి ఈ గీత అడ్డు కాదు, అది అడవి ఉన్నచోటల్లా వర్తిస్తుంది. పట్టా భూమికి మాత్రం గీతే దిక్కు. జాబితాలో ఊళ్లు చేర్చే అధికారం ఐదో షెడ్యూలు ఆరో పేరా కింద రాష్ట్రపతికి ఉంది. గవర్నరును సంప్రదించి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, పార్లమెంటు కూడా అక్కర్లేదు. గిరిజన సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. 1959లో చట్టం చేసి 1969 దాకా రూల్సు రాయని నిర్లక్ష్యం ఏం తెచ్చిపెట్టిందో తెలిసిన రాష్ట్రం ఇది. ఆ ఊళ్లను జాబితాలో ఇప్పుడే చేర్చాలి.